పెరటి తోటలో పెండలం: సాగు, వంటకం

కంద, చేమ దుంపలు సంతలో సులభంగా లభిస్తాయి. పెండలం అంత సులభంగా లభించదు. పెరటి కంచెలపై అల్లుకొని పెరిగే ఈ తీగకు దుంపే విత్తనం. ఒక సంవత్సరం నాటడం మానివేస్తే ఆ ఇంట విత్తనం అంతరించినట్లే. కనుక పెండలాన్ని వండుకోవడం ఎంత ముఖ్యమో, కొంత దాచి మరల నాటడం అంతకంటే ముఖ్యం.

గుర్తింపు

పెండలం శాస్త్రీయ నామం డయాస్కోరియా అలాటా. సగ్గుబియ్యం తయారీకి వాడే కర్రపెండలం వేరొక కుటుంబానికి చెందిన మొక్క. పెండలం కాండం నాలుగు పలకలుగా ఉండి, అంచుల వెంబడి రెక్కల వంటి పొరలు కలిగి ఉంటుంది. హృదయాకారపు ఆకులు సాధారణంగా ఎదురెదురుగా వస్తాయి. దుంప లోపలి భాగం తెలుపుగా గాని, ఊదాగా గాని ఉంటుంది. ముళ్ల కాండం, మూడు రేకుల ఆకులు గల అడవి జాతి డయాస్కోరియా హిస్పిడాలో డయాస్కోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. అందువలన అడవి నుండి తెచ్చిన, గుర్తు తెలియని దుంపలను నాటరాదు, తినరాదు.

నాటే విధానం

నీరు నిలవని, వదులైన నేల అనుకూలం. వేసవి చివర, తొలకరికి ముందు, మీటరు దూరంలో 45 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంతలు తీయాలి. ఒక్కొక్క గుంతకు కిలోకు పైగా చివికిన పశువుల ఎరువును పైమట్టితో కలిపి, ముప్పాతిక వంతు నింపాలి. దుంపను 250 నుండి 300 గ్రాముల ముక్కలుగా కోయాలి. మొలక తొక్క వద్దనే పుడుతుంది కనుక ప్రతి ముక్కకు తొక్క తప్పక ఉండాలి. ముక్కలను పేడనీటిలో ముంచి, నీడలో ఆరబెట్టి నాటి, పైన ఎండుటాకులు కప్పాలి. ఈ కప్పు తేమను కాపాడి, నేల వేడిని తగ్గిస్తుంది.

మొలిచిన 15 రోజులలో తీగను కర్రకు గాని, పందిరికి గాని పాకించాలి. నేలపై పడి ఉన్న తీగ ఆకులకు ఎండ సరిగా అందక దుంప ఊరడం తగ్గుతుంది. కలుపు తీసినపుడు మొదళ్లకు మట్టి ఎగదోయాలి.

త్రవ్వకం, నిల్వ

8 నుండి 9 నెలలకు ఆకులు పసుపుబారి తీగ ఎండుతుంది. అపుడు దుంపకు గాయం కాకుండా దూరం నుండి త్రవ్వాలి. గాయపడిన దుంపలు త్వరగా కుళ్లుతాయి కనుక వాటిని ముందుగా వంటకు వాడుకోవాలి. దెబ్బ తగలని దుంపలను విత్తనానికి వేరుచేసి, గాలి తగిలే నీడలో ఒకే వరుసగా పేర్చాలి. త్రవ్విన తరువాత రెండు మూడు నెలలు దుంప నిద్రావస్థలో ఉంటుంది. ఆపై మొలకెత్తడం మొదలవుతుంది.

వంటకం

పచ్చి దుంప జిగురు చేతులకు దురద కలిగించవచ్చు. చేతులకు నూనె రాసుకొని తొక్క తీయాలి. ముక్కలను వెంటనే ఉప్పునీటిలో వేస్తే నల్లబడవు. ఉడికిన ముక్కలను చింతపండు పులుసులో బెల్లం చేర్చి వండవచ్చు. పలుచని చక్రాలుగా తరిగి వేపుడుకు, శనగపిండిలో ముంచి బజ్జీలకు వాడవచ్చు. పచ్చిగా మాత్రం తినరాదు.

ఒక్క దుంపను ముక్కలు చేస్తే అనేక గుంతలకు విత్తనం సరిపోతుంది. ఇరుగుపొరుగుకు రెండేసి ముక్కలు ఇచ్చిన కుటుంబానికి, తన పంట దెబ్బతిన్న ఏడాది కూడా విత్తనం ఆ ఊరిలోనే తిరిగి లభిస్తుంది.