కండ కరిగినా కేంద్రకం కదలదు

అమలాపురం నుంచి ఒక లెక్కల మాస్టారు ఉత్తరం రాశారు. రిటైరై చాలా కాలమైంది, ఇప్పుడు 69 ఏళ్లు. యాభై అయిదో ఏట షుగరు బయటపడితే డాక్టరు మాట మీద జిమ్‌లో చేరారట. మొదట్లో కుర్రాళ్లు నవ్వుకున్నా, పట్టు వదలకుండా ఎనిమిదేళ్లు బరువులెత్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి జిమ్ మూతపడింది. ఆగస్టులో ప్రభుత్వం తెరవనిచ్చినా ఇంట్లోవాళ్లు గడప దాటనివ్వలేదు. మరుసటి ఏడు సెకండ్ వేవ్. అది సద్దుమణిగి చూస్తే జిమ్ ఉన్నచోట మొబైల్ షాపు వెలిసింది. ఇన్నేళ్లకు ఇంటి దగ్గర్లో కొత్త జిమ్ ఒకటి పెట్టారు. ఆయన అడిగింది ఒక్కటే: "మళ్లీ సున్నా నుంచేనా, లేక పాత లెక్కలో శేషం ఏమైనా ఉందా?"

ఉంది మాస్టారూ. ఆ శేషం కథ నాకు మహా ఇష్టం కాబట్టి ఈ నెల పేజీలన్నీ దానికే.

ముందు పోయిందేమిటో గబగబా చెప్పేస్తాను. కండరంలోని ప్రోటీన్ రోజూ కొంత కరుగుతుంది, రోజూ కొంత తయారవుతుంది. పని లేకపోతే తయారీ తగ్గుతుంది. అరవై దాటాక అన్నం తిన్నా, పప్పు తిన్నా ఆ తయారీ కుర్రతనంలో లాగా చురుగ్గా అందుకోదు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్లు సగటున 72 ఏళ్లున్న పదిమందిని రెండు వారాలపాటు నడక తగ్గించుకోమన్నారు. మంచం ఎక్కమనలేదు. రోజుకు సుమారు 1,400 అడుగులతో సరిపెట్టుకోమన్నారు, అంతే. లాక్‌డౌన్‌లో మనం హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి బాల్కనీలోకీ తిరిగిన తిరుగుడు లాంటిదన్నమాట. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో కాళ్ల కండ దాదాపు 4 శాతం పోయింది. తిన్న ప్రోటీన్‌ని కండగా మార్చుకునే వేగం 26 శాతం పడిపోయింది. రెండు వారాలకే ఇంత. మాస్టారికి అయిదేళ్లు దాటింది.

ఇక శేషం సంగతి.

మన ఒంట్లో కణం అంటే సాధారణంగా ఒక గది, అందులో ఒక కేంద్రకం. కండర తంతువు ఈ పద్ధతికి ఒప్పుకోదు. గర్భంలో ఉన్నప్పుడే ఎన్నో కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక్కో పొడవాటి తంతువు తయారవుతుంది. అందువల్ల ఒకే తంతువులో వందల కేంద్రకాలు, పొడవు ఎక్కువైతే వేల కేంద్రకాలు ఉంటాయి. ఒక్కో కేంద్రకం తన చుట్టూ ఉన్న కాస్త మేరకే ప్రోటీన్ తయారీని నడపగలదు. ఈ ఆలోచనకు బీజం వేసినవాడు కండరాల మనిషి కూడా కాదు. 1893లో జర్మనీలో ఎడ్వార్డ్ స్ట్రాస్‌బర్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కల కణాలను చూస్తూ, కేంద్రకం చెయ్యి ఎంత దూరం వరకు చాచగలదని ప్రశ్న వేసుకున్నాడు. ఆ ప్రశ్నే నూరేళ్ల తర్వాత జిమ్‌ల దాకా వచ్చింది. ఆ లెక్కన తంతువు బాగా లావెక్కాలంటే కేంద్రకాలు పెరగాలి. కానీ తంతువులోని కేంద్రకం విభజన చెందలేదు. మరి కొత్తవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

1961లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెగ్జాండర్ మౌరో కప్ప కాలి కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాడు. తంతువు పొరకూ దాని బయటి తొడుగుకూ మధ్య ఉన్న సందులో బక్కచిక్కిన చిన్న కణాలు నక్కి ఉన్నాయి. మామూలు మైక్రోస్కోపుకు అవి విడిగా కనిపించవు, తంతువు కేంద్రకాల్లో కలిసిపోతాయి. మౌరో వాటికి శాటిలైట్ కణాలని పేరు పెట్టి, దెబ్బతిన్న కండ మళ్లీ పెరగడంలో వీటి చెయ్యి ఉండొచ్చని ఊహించాడు. ఊహ నిజమైంది. బరువులెత్తినప్పుడు ఈ కణాలు మేల్కొని, విభజన చెంది, తంతువులో కలిసిపోయి తమ కేంద్రకాన్ని దానికి ఇచ్చేస్తాయి.

అసలు పేచీ ఆ తర్వాత మొదలైంది. కండ పెరిగితే కేంద్రకాలు పెరుగుతాయి సరే, కండ తగ్గితే? ఒక్కో కేంద్రకానికి ఇంత మేర అని కచ్చితమైన వాటా ఉంటే, తంతువు చిక్కినప్పుడు మిగులు కేంద్రకాలు చచ్చిపోవాలి. లెక్క అందంగా ఉంది. 1990ల నుంచి పదిహేను ఇరవై ఏళ్లపాటు ఒకదాని వెనక ఒకటిగా పత్రాలు ఇదే చెప్పాయి. చిక్కిన కండరాన్ని పల్చగా కోసి, తెగిపోయిన డీఎన్ఏకు మాత్రమే అంటుకునే రంగు వేస్తే, చస్తున్న కేంద్రకాలు మిలమిల మెరుస్తూ కనిపించాయి. ఇంకేం కావాలి? పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది.

కనిపించిన చావు నిజమే. చచ్చినవాళ్లెవరన్న దగ్గరే పప్పులో కాలేశారు. కండర కణజాలంలోని కేంద్రకాల్లో సగానికి అటూ ఇటూగా తంతువులవి కావు. రక్తనాళాలవి, బంధన కణాలవి, మౌరో చూసిన శాటిలైట్ కణాలవి. ఇవన్నీ తంతువును అంటిపెట్టుకునే ఉంటాయి. పల్చటి ముక్కలో లోపలిదేదో బయటిదేదో తేల్చాలంటే మైక్రోమీటరు కన్నా తక్కువ ఎడాన్ని పసిగట్టాలి. పక్కింటి శవాన్ని ఈ ఇంటి ఖాతాలో రాసేశారు.

ఓస్లో యూనివర్సిటీలో క్రిస్టియన్ గుండర్సన్, జో బ్రూస్‌గార్డ్ ఈ తగువును తీర్చడానికి ఎంచుకున్న దారి చూస్తే ముచ్చటేస్తుంది. కోసిన ముక్కలను పక్కన పెట్టేశారు. బతికున్న ఎలుకలో, ఒకే ఒక్క తంతువులోకి సూదితో మెరిసే గుర్తును ఎక్కించారు. ఆ గుర్తు ఆ తంతువు లోపలి కేంద్రకాలకే పడుతుంది, పక్కవాటికి అంటదు. రోజుల తరబడి మళ్లీ మళ్లీ అదే తంతువును చూస్తూ కేంద్రకాలను లెక్కపెట్టారు. 2008లో చెప్పేశారు: కండరం వారాల తరబడి చిక్కిపోతున్నా ఒక్క కేంద్రకం పోలేదు.

2010లో ఇంకా పెద్ద బాంబు. ఎలుక కాలిలో ఒక కండరాన్ని తీసేసి, దాని భారమంతా పక్క కండరం మీద పడేలా చేశారు. ఆరో రోజు నుంచే కేంద్రకాలు పెరగడం మొదలైంది. తంతువు లావెక్కడం తొమ్మిదో రోజు నుంచి. మూడు వారాల్లో కేంద్రకాలు 54 శాతం పెరిగాయి. అంటే బంతికి జనం కూర్చోకముందే వంటవాళ్లు దిగిపోయారన్నమాట. తర్వాత నరం కోసి కండరాన్ని బాగా చిక్కనిచ్చారు. విందు ముగిసింది, జనం వెళ్లిపోయారు, వంటవాళ్లు మాత్రం పొయ్యి దగ్గరే కూర్చున్నారు.

ఉండి ఏం లాభం అంటారా? 2013లో అదే బృందం ఆడ ఎలుకలకు రెండు వారాలు టెస్టోస్టిరాన్ ఇచ్చింది. కేంద్రకాలు 66 శాతం, తంతువు అడ్డుకోత వైశాల్యం 77 శాతం పెరిగాయి. మందు ఆపిన మూడు వారాలకు మందం మొదటికొచ్చింది. కేంద్రకాలు మూడు నెలలైనా అలాగే ఉన్నాయి. ఎలుక ఆయుష్షులో మూడు నెలలంటే పదో వంతు పైమాటే. అప్పుడు వాటికీ, మందు ఎరగని ఎలుకలకూ ఒకే రకం భారం పెట్టారు. ఆరు రోజుల్లో మందు ఎరిగిన ఎలుకల తంతువులు 31 శాతం పెరిగాయి. మామూలు ఎలుకల్లో చెప్పుకోదగ్గ మార్పే లేదు.

ఈ ఎలుకల మాట క్రీడల పెద్దలకు వినిపించినట్టు లేదు. స్టెరాయిడ్లు వాడి దొరికితే మామూలుగా పడే నిషేధం నాలుగేళ్లు. శిక్ష ముగించుకుని వచ్చేవాడి రక్తంలో మందు ఉండదు, కండల్లో కేంద్రకాలు ఉండొచ్చు. గుండర్సన్ ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాడు. పక్క లేనులో నిజాయతీగా పరుగెత్తేవాడి సంగతి ఎవరికి పట్టింది?

కేంద్రకాలు పోవన్న ఈ వాదనకు ఎదురుగాలి లేకపోలేదు. 2019లో కెంటకీ యూనివర్సిటీవాళ్లు ఎలుకలను బరువు తగిలించిన చక్రంలో పరుగెత్తించి, తర్వాత ఆపించి చూస్తే, పెరిగిన కేంద్రకాలు తగ్గాయి. కండరాన్ని కోసి భారం పెట్టడం కన్నా ఇది మనిషి వ్యాయామానికి దగ్గరగా ఉందని వాళ్ల వాదన. తోసిపుచ్చలేం. కానీ ఇదొక్కటే చాలునా అని నాలోని ఓస్లో పక్షపాతి గొణుగుతాడు. అదే సమయంలో అమెరికాలో లారెన్స్ ష్వార్ట్జ్ పొగాకు చేలను తినే ఒక చిమ్మట కండరాలను పరీక్షించి, అవి చిక్కి చిక్కి చివరికి చచ్చే దశలో కూడా కేంద్రకాలు నిలిచే ఉంటాయని చూపించాడు. కీటకంలోనూ క్షీరదంలోనూ ఒకటే తీరంటే ఇది చాలా పాత ఏర్పాటే అయ్యుండాలి. 2024లో నార్వేలోనే మనుషుల మీద చిన్న ప్రయోగం జరిగింది. పన్నెండు మంది ఒక్క చేతికే పది వారాలు బరువులిచ్చి, పదహారు వారాలు మానేశారు. అదనంగా వచ్చిన కేంద్రకాలు ఆ చేతిలో అలాగే ఉన్నాయి.

పదహారు వారాలు ఎక్కడ, మాస్టారి అయిదేళ్లెక్కడ? ఇక్కడ అణుబాంబులు అక్కరకొస్తాయి. 1963 అణుపరీక్షల నిషేధ ఒప్పందం వరకు అగ్రరాజ్యాలు ఆకాశంలో పేల్చిన బాంబుల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది, ఆ తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. డీఎన్ఏ పుట్టిన నాటి గాలి ముద్ర అందులో శాశ్వతంగా ఉండిపోతుంది. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు దాన్ని చదవడం నేర్చుకుని, 2005లో నలభైకి దగ్గరపడ్డ మనుషుల పక్కటెముకల మధ్య కండరాన్ని పరీక్షించారు. అందులోని డీఎన్ఏ సగటు వయసు 15 ఏళ్లు! తరచూ మారిపోయే ఇతర కణాలు కూడా ఆ సగటులో ఉన్నాయి కాబట్టి, తంతువుల కేంద్రకాల వయసు ఇంకా ఎక్కువే కావచ్చు.

ఇక్కణ్ణుంచి నా ఊహ, ప్రయోగం కాదు. ముసలితనంలో శాటిలైట్ కణాలు, ముఖ్యంగా వేగంగా బిగుసుకునే తంతువుల దగ్గర, తగ్గిపోతాయి. కొత్త కేంద్రకాలు చేర్చుకోవడం కష్టమవుతుంది. కాబట్టి కుర్రతనంలో చేర్చినవే మూలధనం. కేంద్రకాలు జిమ్ ఫీజు రసీదు అడగవు. బావిలోంచి చేదతో నీళ్లు తోడినవాళ్లు, రోకళ్లతో వడ్లు దంచినవాళ్లు, పొలం గట్ల మీద మోపులు మోసినవాళ్లు తెలియకుండానే వాటిని కూడబెట్టి ఉండాలి. జిమ్ మొహం చూడని డెబ్బై ఏళ్ల ఆవిడ లెగ్ ప్రెస్ మీద కూర్చుని రెండు నెలల్లో ట్రైనర్‌ను నోరెళ్లబెట్టిస్తే నేను మాత్రం ఆశ్చర్యపోను.

ఊహ పక్కన పెడితే, కేంద్రకాల లోపల ఇంకో చిట్టా కూడా ఉంది. జన్యువుల మీద మిథైల్ గుర్తులుంటాయి. అవి తొలగితే జన్యువు పనికి సిద్ధమవుతుంది. 2018లో బ్రిటన్‌లో సీబోర్న్, షార్పుల్స్ ఎనిమిది మంది యువకుల చేత ఏడు వారాలు బరువులెత్తించి, ఏడు వారాలు మానిపించి, మళ్లీ ఏడు వారాలు ఎత్తించారు. మొదటిసారి తొలగిన గుర్తులు చాలావరకు విరామంలోనూ తిరిగి రాలేదు. రెండోసారి అంతకు రెట్టింపు చోట్ల తొలగాయి. 2025లో ఫిన్లాండ్‌వాళ్లు కొన్ని ప్రోటీన్ల మోతాదు కూడా రెండు నెలలకు పైగా వ్యాయామపు గుర్తును మోస్తుందని చూపారు.

ముసలివాళ్లలో ఈ శేషం పనిచేస్తుందా? 1990లో బోస్టన్‌లో మరియా ఫియాతరోన్ వృద్ధాశ్రమంలోని సగటున 90 ఏళ్లవాళ్ల చేత ఎనిమిది వారాలు బరువులెత్తించింది. కాళ్ల బలం 174 శాతం పెరిగింది, నాలుగు వారాలు ఆపితే దానిలో 32 శాతం పోయింది. 1997లో అమెరికాలో టాఫ్, మార్కస్ 65 నుంచి 77 ఏళ్ల మగవాళ్లకు 24 వారాలు నేర్పి, 12 వారాలు ఆపించారు. తిరిగి మొదలుపెడితే పాత బలానికి చేరడానికి ఎనిమిది వారాలు చాలాయి. మొదట ఆ బలం సంపాదించడానికి పట్టినదానిలో మూడో వంతు కాలంలోనే కోలుకున్నారు. అయితే కుర్రాళ్లతో పందెం వద్దు. 2009లో కోపెన్‌హేగన్‌లో రెండు వారాలు కట్టు కట్టి కదలకుండా ఉంచిన కాలికి నాలుగు వారాలు శిక్షణ ఇస్తే, ఇరవైల్లో ఉన్నవాళ్లు పూర్తిగా కోలుకున్నారు. అరవై దాటినవాళ్లు కాలేదు.

దమ్ము సంగతి వేరు. అది కండ కన్నా ముందే పోతుంది. మానేసిన రెండు మూడు వారాల్లోనే రక్తం పరిమాణం తగ్గి, గుండె ఒక్కో స్పందనకు నెట్టే రక్తం తగ్గుతుంది. కానీ వస్తుంది కూడా. డాలస్‌లో 1966లో అయిదుగురు ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని పిలిచి పరీక్షిస్తే, ఆ మూడు వారాల మంచం చేసిన నష్టం ముప్పై ఏళ్ల వయసు చేసిన దానికన్నా ఎక్కువని తేలింది. ఆరు నెలల నడక, జాగింగ్, సైకిలుతో వాళ్లు ఇరవై ఏళ్లనాటి దమ్ముకు తిరిగొచ్చారు.

ఇంత చెప్పాక కూడా, "అయితే ఏ పౌడరు కొనమంటారు?" అని ఉత్తరాలు వస్తాయని తెలుసు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అని ఉంది. 65 దాటినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు మేలని అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి 2013లో చెప్పింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే. షుగరుకు మందులు వాడే మాస్టారూ అడగాలి, గుండె కూడా ఒకసారి చూపించుకోవాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప మూడు పూటలకూ సర్దుకుంటే పౌడరు డబ్బా అక్కర్లేదు. మనం పప్పు పక్కన నంజుకున్నంత వేసుకుని, అన్నం కొండంత వడ్డించుకుంటాం. చిక్కంతా అక్కడే.

ఇంకో మాట, ఇది కొత్త జిమ్ ట్రైనర్లు చెప్పరు. కండ త్వరగా కోలుకుంటుంది గానీ దాన్ని ఎముకకు కట్టే స్నాయువు అంత వేగంగా కోలుకోదు. దానికి రక్తం తక్కువ అందుతుంది. మాస్టారి కండలు మూడో వారానికే పాత బరువులు అడుగుతాయి, స్నాయువులు మాత్రం ఇంకా తయారై ఉండవు. మొదటి రెండు నెలలూ 2020 నాటి బరువుల్లో సగానికి మించకండి మాస్టారూ, ట్రైనర్ ఎంత ఉత్సాహపరిచినా.