గేమింగ్ హెడ్‌సెట్ కొంటున్నారా? లైట్లు కాదు.. ముందు ఈ జాయింట్ చూడండి!

కాచిగూడ నుంచి అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి గేమింగ్ హెడ్‌సెట్ కోసం వెళ్తున్నారా? సౌండ్ ఎలాగూ చెక్ చేస్తారు. కానీ చాలాసార్లు ముందు పోయేది స్పీకర్ కాదు, ఇయర్‌కప్‌ని హెడ్‌బ్యాండ్‌కి కలిపే జాయింట్. అందుకే రెండు కప్పులూ పట్టుకుని మెల్లగా వెడల్పు చేయండి. కిర్రుమంటే పక్కన పెట్టేయండి.

హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2లో అల్యూమినియం ఫ్రేమ్, ఊడదీసే మైక్ ఉంటాయి. బరువు మాత్రం సుమారు 300 గ్రాములు. లాజిటెక్ జీ435 బాడీ ప్లాస్టిక్, 165 గ్రాములే. ప్లాస్టిక్ అనగానే చీప్ అనుకోవద్దు. గంటల తరబడి ఆడేవాళ్ల మెడకు తక్కువ బరువే హాయి.

రెక్సిన్ లాంటి కుషన్లు మన ఎండల్లో చెమటకి పొట్టు రాలిపోతాయి. విడిగా దొరుకుతాయా, మార్చుకోవచ్చా అని షాపులోనే అడగండి. కేబుల్ కూడా ఊడొచ్చే రకమైతే ఇంకా మంచిది, తెగితే అదొక్కటే కొంటే సరిపోతుంది. ఇక ఆర్‌జీబీ లైట్లంటారా? తలకు పెట్టుకున్నాక మీకెలాగూ కనిపించవు!