పుస్తెల బంగారం పుట్టిల్లెక్కడ?

నారాయణగూడ చౌరస్తాలో పెద్ద బస్సు కదిలిందంటే రోడ్డు వారనున్న ఇళ్ళలో కిటికీ తలుపులు గడగడలాడతాయి. మనకది అలవాటే. కాని గురుత్వాకర్షణ తరంగాలను వినే యంత్రానికి ఆ పాటి అదురు పిడుగుపాటే!

ఏమిటీ తరంగాలు? చెరువులో రాయి పడితే అలలు లేచినట్లు, మహాభారమైన గోళాలు ఢీకొన్నప్పుడు అంతరిక్షమే అలలై కదులుతుంది. ఐన్‌స్టీన్ పండితుడు 1916లోనే ఈ మాట చెప్పాడు. మొదటిసారి అవి పట్టుబడింది 2015 సెప్టెంబరు 14న, అమెరికాలోని ‘లైగో’ యంత్రాలకు. ఒక్కొక్క దానికి నాలుగేసి కిలోమీటర్ల బాహువులు రెండు. అల తాకినప్పుడు వాటి పొడవులో వచ్చిన తేడా ప్రోటాను వెడల్పులో నూరోవంతైనా లేదు!

ఇంత రొదలో అంత సన్నని సవ్వడిని పోల్చుకోవడమెలా? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ముందు వరుస రసికులను చూడండి. గాయకుడు రెండు సంగతులు వేయగానే రాగం పేరు చెప్పేస్తారు. ఆ రాగం వారికి ముందే తెలుసును గనుక. శాస్త్రజ్ఞులదీ అదే పద్ధతి. ఏ గోళాలు కలిస్తే ఏ అల వస్తుందో కంప్యూటర్ల చేత ముందే లెక్క కట్టించి ఉంచుకుంటారు. రెండు కృష్ణబిలాల కలయికను ఇలా లెక్కించడం 2005లో గాని సాధ్యపడలేదు.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాను నక్షత్రాలు కలిసిన అల వచ్చింది. ఇటలీలోని మూడవ యంత్రం కూడా తోడు కావడంతో అది ఏ దిక్కునుంచి వచ్చిందో తెలిసింది. దూరదర్శినులు అటు తిరిగాయి. పదమూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఆ వెలుగు కనిపించింది. బంగారం వంటి బరువైన లోహాలు అలాంటి తాకిడిలో పుడతాయనడానికి బలమైన ఆధారం దొరికింది. మన ఆడవారి మెడలోని పుస్తెల బంగారంలో కొంతైనా, భూమి పుట్టకముందే అలా పుట్టి ఉండవచ్చును!

ఎంత పుట్టిందో తేలాలంటే ఇటువంటి తాకిడులు ఎన్నో వినాలి. దిక్కు తెలియాలంటే భూమికి దూరదూరంగా చెవులుండాలి. అలాంటి చెవి ఒకటి మన దేశంలోనూ ఏర్పాటు చేయడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పేరు లైగో–ఇండియా. స్థలం మహారాష్ట్రలో హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ క్షేత్రం దగ్గర. 1956 దాకా ఆ సీమ మన హైదరాబాదు రాష్ట్రంలోదే!

మరి వినేవారెవరు? హైదరాబాదు ఐ.ఐ.టి. వారు కూడా ఉన్న భారతీయ బృందం, యూరపు వారితో కలిసి, పల్సారు నక్షత్రాల సాయంతో మరొక రకం అలల జాడను 2023 జూన్‌లో ప్రకటించింది. దారి పడే ఉన్నది. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దుపోయేదాకా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఎందరో! వారిలో ఒకరిద్దరు “నేనీ లెక్కలు చేస్తాను నాన్నా” అంటే, “జీతమెంత?” అని అడగడానికి ముందు, అమ్మ మెడలోని పుస్తెల వంక ఒక్కసారి చూడండి.