కెమెరా చూసిందెంత? మనం చూసిందెంత?

2017లో తెలుగులో మొదలైన 'బిగ్ బాస్' చూసి, "ఆమెకెంత పొగరో!" అని మీరూ అనుకునే ఉంటారు. కాస్త లెక్క వేయండి. ఇంట్లో పదిమంది ఉంటే రోజుకు 240 గంటల మాటలు, చేతలు, నిద్ర! మనకు చూపేది సుమారు గంట. పైగా ఒకరి మాట పక్కన మరొకరి ముఖం అతికించవచ్చు.

సుమారు 1920లో రష్యా దర్శకుడు కులెషోవ్ ఇలాగే చేసి చూశాడు. నటుడి ముఖం ఒకటే. పక్కన సూపు గిన్నె చూపితే ఆకలి, శవపేటిక చూపితే దుఃఖం కనిపించాయట ప్రేక్షకులకు! ముఖంలో లేని భావాన్ని మన మెదడే తెచ్చి పెడుతుందన్నమాట.

మరి ఆమె ముఖం చిట్లించింది పక్కవారి మాటకా, ఉప్పులేని సాంబారుకా? మనకు తెలియదు. ఆమెను తిడుతూ ఫోన్లో రాసే మాటలు మాత్రం ఏ కత్తిరింపూ లేకుండా ఆమెకు చేరతాయి.