ఇచ్చి పోతానన్నాడు – చట్టం ఒప్పుకోలేదు

హైదరాబాద్: చావు తప్పదని తెలిసినప్పుడు, అవయవాలు పాడుకాకముందే నలుగురికి ఇచ్చి పోకూడదా? 2004 డిసెంబరులో నగరంలోని ఒక ఆస్పత్రిలో వెంటిలేటర్‌పై ఉన్న 25 ఏళ్ళ యువకుడు వేసిన ప్రశ్న ఇది. ఆయన పేరు కె. వెంకటేష్. చదరంగం ఆటగాడు.

వెంకటేష్‌ను పట్టి పీడించింది డ్యూషెన్ అనే కండరాల క్షీణత వ్యాధి. ఇది జన్యులోపం వల్ల, దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లవాడు మాటిమాటికీ పడిపోవడం, తొడలపై చేతులు ఆనించి గాని లేవలేకపోవడం తొలి గుర్తులు. పన్నెండేళ్ళు వచ్చేసరికి చాలామంది చక్రాల కుర్చీకే పరిమితమవుతారు. ఆ తర్వాత గుండె, ఊపిరి తీయించే కండరాలు కూడా బలహీనపడతాయి. పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు.

కోర్టుకెక్కిన తల్లి

కొడుకు కోరిక తీర్చడానికి తల్లి సుజాత హైకోర్టును ఆశ్రయించారు. కోర్టు అంగీకరించలేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం గుండె వంటి అవయవాలను బతికున్న రోగి నుంచి తీయరాదు. రోగి జీవన్మృతుడని, అంటే మెదడు పూర్తిగా చనిపోయిందని, వైద్యులు నిర్ధారించాలి. వెంకటేష్ మెదడు చక్కగా పనిచేస్తూనే ఉన్నది.

డిసెంబరు 17న వెంకటేష్ కన్నుమూశాడు. గుండె ఆగిన కొన్ని గంటల వరకు కళ్ళు పనికివస్తాయి గనుక కళ్ళు మాత్రం దానం చేశారు.

తర్వాత వచ్చిన మార్పు

2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది. కోలుకునే ఆశ లేనప్పుడు తనకు యంత్రాలతో ఊపిరి పోయవద్దని మనిషి ముందుగానే రాసి ఉంచవచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరణ చేయిస్తే చాలునని 2023లో నిబంధన సడలించారు. వైద్యం ఆపాలంటే ముగ్గురేసి డాక్టర్లున్న రెండు బోర్డులు ఒప్పుకోవాలి. సూదిమందు వేసి ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే.

అంటే వెంకటేష్ కోరిన రెండింటిలో యంత్రం తీసివేయమనే దానికి దారి దొరికింది. మెదడు పనిచేస్తుండగానే అవయవాలు ఇస్తానన్న రెండవ కోరికకు నేటికీ చట్టంలో చోటు లేదు. ఆ తలుపు తెరిస్తే దిక్కులేని రోగులపై బంధువులు, దళారులు ఒత్తిడి తెస్తారన్న భయమూ కొట్టివేయదగ్గది కాదు.

రాసిన పత్రం ప్రతిని పంచాయతీ లేదా మునిసిపాలిటీ నియమించిన అధికారి భద్రపరచాలని 2023 నిబంధన. ఆ అధికారి ఎవరో ప్రతి పంచాయతీ ఆఫీసులో బోర్డుపై రాసిపెట్టడం అవసరం. మాట పడిపోయాక అడిగితే చెప్పేవారుండరు గదా!