ఢిల్లీ విన్నది, కరాచీ వినలేదు

విశాఖకు ఉత్తరాన రుషికొండ, దక్షిణాన కూర్మన్నపాలెం. ఒకపక్క బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచి, రిసార్టులు, ఐటీ కంపెనీల కొండలు. ఇంకోపక్క ఉక్కు ఫ్యాక్టరీ, దాని చుట్టూ ఉక్కునగరం క్వార్టర్లు. 2021 నుంచి ఈ రెండు పేర్లూ రాష్ట్రమంతటా జనం నోట నానాయి. రుషికొండను తొలిచి భవనాలు కట్టే వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మాలన్న కేంద్రం నిర్ణయం కార్మికులను రోడ్డెక్కించింది. రుషికొండ మొహం ఎన్నడూ చూడని రాయలసీమ రైతు కూడా అది మన కొండ అన్నాడు. ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ ఉక్కు ఫ్యాక్టరీ జీతం అందని కృష్ణా జిల్లా మనిషి అది మన ఉక్కు అన్నాడు. తనకు నయాపైసా లాభం లేనిచోట, తాను అడుగుపెట్టని నేల గురించి, ముక్కూమొహం తెలియని లక్షలమందితో కలిసి మనిషి ఎందుకు బాధపడతాడు? జాతి అనేది ఎలా పుడుతుంది, ఎలా నిలుస్తుంది అన్న పెద్ద ప్రశ్న ఈ చిన్న ప్రశ్నలోనే ఉంది.

ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882లో పారిస్‌లోని సోర్బాన్‌లో జాతి అంటే ఏమిటన్న విషయం మీద చేసిన ప్రసంగం ఈ చర్చకు నేటికీ పునాది. రక్తం, భాష, మతం, భూగోళం, వీటిలో ఏ ఒక్కటీ జాతిని చేయదనీ, కలిసి పడ్డ కష్టం మనుషుల్ని కలిసి పొందిన సుఖం కంటే గట్టిగా కలుపుతుందనీ ఆయన వాదన. నూరేళ్ళ తర్వాత, 1983లో, బెనెడిక్ట్ ఆండర్సన్ దీనికి ఇంకో మాట చేర్చాడు. ఒకరినొకరు ఎన్నటికీ కలుసుకోని మనుషులు తామంతా ఒకటే అనుకోవడానికి, ఒకే ఉదయం ఒకే వార్తను వేల ఇళ్ళలో చదవడం కూడా ఒక కారణమని చూపించాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ ఇద్దరి దృష్టీ బాధపడేవాళ్ళ మీదే నిలిచింది. ఆ బాధకు ఎదుటివాళ్ళు ఏం జవాబిచ్చారన్నది అంతకంటే ముఖ్యమని నా ఉద్దేశం. ఉమ్మడి ఉద్వేగం ఒక జనాన్ని పెద్ద దేశంలో భాగం చేస్తుందా, ఆ దేశం నుంచి విడగొడుతుందా అన్నది ఉద్వేగం తీవ్రతను బట్టి తేలదు. అధికారంలో ఉన్నవాళ్ళు దాన్ని ఎప్పుడు విన్నారు, ఎలా విన్నారు అన్నదాన్ని బట్టే తేలుతుంది.

దీనికి 1952 కంటే స్పష్టమైన రుజువు దొరకదు. ఆ ఏడాది ఫిబ్రవరి 21న ఢాకాలో, బెంగాలీని కూడా పాకిస్తాన్ రాజభాష చేయాలని ఊరేగిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అదే ఏడాది అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలుపెట్టారు. ఆయన కోరింది తెలుగువాళ్ళకు ప్రత్యేక రాష్ట్రం. 58 రోజుల తర్వాత డిసెంబర్ 15న కన్నుమూశారు. రెండుచోట్లా విషయం భాషే. ప్రాణాలు పోయింది రెండుచోట్లా. రెండుచోట్లా కొత్తగా స్వతంత్రమైన దేశం, ముక్కలవుతుందేమోనన్న భయంతో కేంద్రాన్ని బిగించి పట్టుకుని ఉంది. నెహ్రూకు భాషారాష్ట్రాలంటే ఇష్టం లేదు. ఆయనా, పటేలూ, పట్టాభి సీతారామయ్యా సభ్యులుగా ఉన్న కమిటీ అప్పటికే ఆ ఆలోచనను వాయిదా వేయమని చెప్పింది. అయినా శ్రీరాములు పోయిన నాలుగో రోజున, డిసెంబర్ 19న, ఆంధ్రరాష్ట్రం ఇస్తామని నెహ్రూయే ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది.

అప్పట్లో పాకిస్తాన్ రాజధాని కరాచీ. ఉర్దూ ఒక్కటే రాజభాష అని 1948లో ఢాకాలోనే జిన్నా చెప్పి ఉన్నారు. 1952 కాల్పుల తర్వాత కూడా బెంగాలీకి ఆ హోదా రావడానికి 1956 రాజ్యాంగం దాకా పట్టింది. ఈలోగా 1954 ఎన్నికల్లో తూర్పు బెంగాల్ ముస్లింలీగును ఊడ్చిపారేసింది. భాషతో మొదలైన అవమానానికి ఉద్యోగాలూ, సైన్యమూ, జనపనార ఆదాయమూ ఒక్కొక్కటిగా తోడయ్యాయి. 1970 ఎన్నికల్లో మెజారిటీ వచ్చిన అవామీలీగుకు అధికారం ఇవ్వకపోవడంతో ఇక వెనక్కి దారి లేకపోయింది. రుషికొండ ఒడ్డున నిలబడితే కనిపించే ఈ సముద్రంలోనే, కాస్త దక్షిణంగా విశాఖ రేవు బయట, ఆ తర్వాత వచ్చిన యుద్ధంలో 1971 డిసెంబర్ 3 రాత్రి దాటుతుండగా మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాలు ఇంకా ఉన్నాయి. రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామిని చూడటానికి వరుసలో నిలబడే పిల్లలకు అది భారత నౌకాదళ విజయగాథగా తెలుసు. ఆ గాథకు వెనక కొస పట్టుకుని వెళ్తే ఢాకా వీధుల్లో వినిపించుకోని గొంతుల దగ్గరికి చేరతాం. అటువంటి దుఃఖం నుంచే అటు వేరే దేశం పుట్టింది, ఇటు దేశంలోపలే ఒక రాష్ట్రం పుట్టింది. ఇందులో తెలుగువాళ్ళ దేశభక్తి ఎక్కువా కాదు, బెంగాలీలది తక్కువా కాదు.

ఇప్పుడు ఉక్కు దగ్గరికి వద్దాం. దక్షిణాదిన ఉక్కు ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో చూడటానికి వచ్చిన ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం 1965లో విశాఖ అనువైనదని నివేదిక ఇచ్చింది. ఏడాది గడిచేసరికి ఫ్యాక్టరీ రాదేమోనన్న అనుమానం బలపడింది. 1966 అక్టోబర్ 15న టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆయన ఉత్తరాంధ్ర మనిషి కాదు, గుంటూరు జిల్లా నుంచి వచ్చారు. ఇది చిన్న విషయం కాదు. దీక్ష అనేది తెలుగు జనానికి అప్పటికే తెలిసిన భాష. పదిహేనో రోజు, పదహారో రోజు అని రోజూ పొద్దున్నే పత్రికలో లెక్క చదువుతుంటే, ఒక మనిషి ఒంట్లో సన్నగిల్లుతున్న శక్తి ఊరూరా ఇంట్లో జబ్బుమనిషి సంగతిలా మారిపోతుంది. చదివే ప్రతివాడి మనసులోనూ శ్రీరాములు చావు మెదులుతుంది. ఈసారీ అలాగే జరగనిస్తారా అన్న ఆందోళన రోజురోజుకీ పెరుగుతుంది. నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా పదేళ్ళు నిండిన రోజున, విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమం కోస్తా పట్టణాలను దాటి తెలంగాణ జిల్లాలకూ పాకింది. మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమ చరిత్ర చెబుతుంది. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదం అప్పటిదే.

ఆ నినాదం ఎవరిని ఉద్దేశించిందో గమనించాలి. అది ఢిల్లీని ఉద్దేశించింది. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్‌లలో దేశం కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలు కొత్త భారతదేశానికి ముఖాలుగా కనిపిస్తున్న రోజులవి. మాకూ ఒకటి కావాలని అడగడమంటే, ఆ కొత్త దేశంలో మా చోటు ఏదని అడగడమే. ప్రాంతీయ ఉద్వేగం జాతీయ భావనకు శత్రువనే మాట తరచుగా వింటాం. విశాఖ ఉద్యమం అందుకు పూర్తిగా ఎదురు సాక్ష్యం. దేశం తనది కాదనుకున్నవాడు దేశం ఫ్యాక్టరీ కోసం కొట్లాడడు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న తెలుగు ప్రధాని పీవీ నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. జవాబు రావడానికి పాతికేళ్ళు పట్టినా, వచ్చింది. అది వచ్చిందన్న నమ్మకమే ఆ ప్రాంతానికీ దేశానికీ మధ్య కనపడని కట్టు.

దీనికి మొదటి అభ్యంతరం ఆర్థికవేత్తల నుంచి వస్తుంది. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నది ఇనుప ఖనిజం, బొగ్గు, రేవు, రైలు లెక్క చూసి తేల్చాల్సిన విషయమనీ, వీధుల్లో ఆవేశం చూసి తేల్చడం తప్పనీ వాళ్ళు అంటారు. నిజమే. ఉద్వేగం కోక్ ఓవెన్‌ను మండించదు. సొంత ఇనుప గనులు లేకుండా విశాఖ ఉక్కు దశాబ్దాలుగా నెట్టుకొచ్చింది, ఆ భారం దాని ఖాతాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ ఇక్కడ లెక్కా, ఉద్వేగమూ ఒకదానికొకటి ఎదురు నిలబడలేదు. నిపుణులు అనువైన చోటు అన్నదాన్నే జనం అడిగారు. అర్హత ఉండీ దక్కలేదన్న భావన వచ్చినప్పుడే ఉద్వేగం అంత లోతుగా పాతుకుంటుంది. ఏ ఆధారమూ లేని కోరిక కోసం అన్ని జిల్లాల జనం అన్నాళ్ళు కదలరు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. 1966లో ఒక్కటైన జనం మూడేళ్ళు తిరక్కుండానే చీలిపోయారు కదా? 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర. ఉక్కు కోసం తెలంగాణలో కూడా కదిలిన ఆ ఐక్యత ఏమైంది? ఉద్వేగం మీద కట్టిన ఇల్లు ఇలాగే కూలుతుందని ఈ వాదన. నాకు మాత్రం 1969 నా మొదటి మాటనే బలపరుస్తున్నట్టు కనిపిస్తుంది. 1956లో రెండు ప్రాంతాల నాయకులు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు ఉద్యోగాల్లో, నిధుల్లో రక్షణలు ఇస్తామన్నది. ఆ మాట నిలబడలేదన్న బాధ తెలంగాణలో ఏళ్ళ తరబడి పేరుకుంది. ఆంధ్ర ప్రాంతం తన బాధను ఢిల్లీకి వినిపించగలిగింది. తన పక్కనే ఉన్న తెలంగాణ బాధను వినడంలో మాత్రం విఫలమైంది. ఒకే భాష ఉంది, ఒకే ఉక్కు ఉద్యమంలో చిందిన రక్తం ఉంది. అవి చాలలేదు. 2014 జూన్ 2 వరకూ తెలంగాణ బాధకు జవాబు రాలేదు. వచ్చినప్పుడు అది వేరే రాష్ట్రంగా వచ్చింది. ఆనాటి సమైక్య భావన అబద్ధం కాదు. అది ఒకేవైపు పనిచేసింది, అందుకే నిలవలేదు.

అయితే అరిచినవాడికల్లా ఇచ్చుకుంటూ పోవాలా? అడగందే అమ్మైనా పెట్టదని సామెత ఉంది గానీ, ప్రాణం పోతే తప్ప పెట్టని ప్రభుత్వం గురించి ఏ సామెతా లేదు. 1952లోనూ, 1966లోనూ కేంద్రం కదిలింది మనుషులు చచ్చాకే. ఇది చాలా చెడ్డ పాఠం నేర్పింది. దీక్ష, మరణం, కాల్పులు జరిగితేనే కోరికకు విలువ వస్తుందన్న నమ్మకం తెలుగు నేలమీద పాతుకుపోయింది. తెలంగాణ ఉద్యమంలో యువకుల ఆత్మహత్యల వెనక ఆ పాఠం నీడ ఉంది. వినడమంటే అడిగిందల్లా ఇవ్వడం కాదు. ఇవ్వలేకపోతే కారణం చెప్పడం, చెప్పినదాన్ని మనుషుల ఎదుట నిలబడి చెప్పడం, ఇచ్చిన మాటకు గడువు పెట్టి నిలబెట్టుకోవడం. శ్రీరాములు దీక్ష యాభై ఎనిమిదో రోజుకు చేరకముందే చేయగలిగిన పని అది.

2021 జనవరిలో ఉక్కు అమ్మకం నిర్ణయం వచ్చాక కూర్మన్నపాలెంలో రిలే దీక్షల శిబిరం వెలిసింది. 1966కు పుట్టని కుర్రాళ్ళు కూడా అదే నినాదం అందుకున్నారు. యాభై అయిదేళ్ళ నాటి బాధ ఇన్నాళ్ళు ఎలా బతికింది? పాఠ్యపుస్తకాలు, విగ్రహాలు మాత్రమే దాన్ని బతికించలేదు. ఫ్యాక్టరీ జీతంతో కట్టిన ఇళ్ళు, గాజువాకలో తెరిచిన దుకాణాలు, ఉక్కునగరం బడుల్లో చదివిన పిల్లలు, ఇవి దాన్ని రోజువారీ జీవితంలో కలిపేశాయి. అదే ఏడాది మే నెలలో రాష్ట్ర శాసనసభ అమ్మకానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ఆమోదించింది. దాని వెనక రాజకీయ లెక్కలు ఎన్ని ఉన్నా, ఆ లెక్కల్లోకి జనం బాధ చేరింది.

ఆ లెక్కలోకి రానివాళ్ళు అక్కడే, ఆ ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉన్నారు. ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు లేచిపోయాయి, 20 వేలకు పైగా ఎకరాలు పోయాయి. ఇంటికొక ఉద్యోగం అన్న ఆశతో భూములు వదిలిన కుటుంబాలకు పునరావాసపు ఆర్ కార్డులు ఇచ్చారు. ఆ కార్డులు పట్టుకుని ఉద్యోగం రాకుండానే వయసు మీరినవాళ్ళు వేలల్లో ఉన్నారు. తండ్రి పేరున ఉన్న కార్డును కొడుకు, కొడుకు నుంచి మనవడు దాచుకున్న ఇళ్ళున్నాయి. ఉక్కు తమదని అన్ని జిల్లాల ఆంధ్రులూ అన్నారు. దాని ఖరీదు మాత్రం అగనంపూడి, గాజువాక చుట్టుపక్కల రైతులూ, కూలీలూ కట్టారు. జాతి నిలవాలంటే కొన్నిటిని మరిచిపోవడం కూడా తప్పదని రెనాన్ అదే ప్రసంగంలో అన్నాడు. ఈ ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేను. కాల్పుల్లో పోయిన 32 మందిని స్మరించుకునే వేదిక మీదే ఆ గ్రామాల పేర్లూ చదవాలి. ప్యాకేజీ కోట్లు ఏ అప్పుకు ఎంత వెళ్తాయో అడిగే ప్రతి సభలోనూ, మిగిలిన ఆర్ కార్డులు ఎన్ని, వాటి సంగతి ఎప్పటికి తేలుస్తారన్న ప్రశ్న కూడా అడగాలి. 1966లో ఢిల్లీని అడిగిన ప్రశ్న లాంటిదే ఇది, ఈసారి సమాధానం చెప్పాల్సింది ఆంధ్రులు.