పైన పటారం, లోన లొటారం



కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, మోత తేడాగా వుంటే ఎక్కడో బీట వుందన్నమాట. పగలగొట్టకుండానే గుట్టు తెలుసుకోవడం మనకు కొత్త కాదు. ఉక్కు గొట్టాల లోపలి తుప్పును కనిపెట్టడానికి ఇంజనీర్లు చేసేదీ ఇంచుమించు ఇదే.

పైన పూత బాగున్నంత మాత్రాన గొట్టం బాగున్నట్టు కాదు. లోపల పారే గ్యాసులో తడి వుంటే ఆ నీరు అడుగున చేరుతుంది. గ్యాసులోని బొగ్గుపులుసు వాయువు అందులో కరిగి, పుల్లనైన ఆ నీరు ఉక్కును కొంచెం కొంచెంగా తినేస్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పగిలి మంటలు లేచి, నిద్రలో వున్న ఇళ్ళను చుట్టుముట్టాయి. 20 మందికి పైగా చనిపోయారు. తడి గ్యాసువల్ల లోపల పట్టిన తుప్పే కారణమని తర్వాత తేలింది.

మరి గొట్టం కోయకుండా లోపలి సంగతి తెలిసేదెలా? గర్భిణీలకు స్కానింగు చేసేటప్పుడు పొట్టమీద జిగురులాంటిది రాస్తారు చూడండి, ఇక్కడా అంతే. గొట్టంమీద అది రాసి చిన్న పరికరం ఆనిస్తారు. చెవికి వినపడని ధ్వని గోడలోకి వెళ్ళి, లోపలి అంచుకు తగిలి తిరిగొస్తుంది. 10 మిల్లీమీటర్ల గోడ అయితే పోయి రావడానికి సెకనులో సుమారు 3 లక్షలవ వంతు చాలు. ఇంకా తొందరగా వచ్చేసిందంటే గోడ పలచబడినట్టే!

ఇలా అంగుళం అంగుళం చూస్తే ఎన్నటికి తెమిలేను? అందుకని ఇంకో ఉపాయం వుంది. గొట్టానికి గాజు తొడిగినట్టు ఓ పట్టీ తొడిగి ధ్వనిని గొట్టం పొడవునా పంపుతారు. అటూ ఇటూ కొన్ని పదుల మీటర్ల మేర అనుమానపు చోట్లు బయటపడతాయి. ఆ చోట్లనే మళ్ళీ మొదటి పరికరంతో నిదానంగా కొలుస్తారు.

ఒక్కసారి కొలిస్తే సరిపోతుందా? చాలదమ్మా. పసివాడి బరువు నెలనెలా రాసుకున్నట్టు, అదే చోట మళ్ళీ మళ్ళీ కొలవాలి. అప్పుడే తుప్పు ఎంత వేగంగా తింటోందో తెలుస్తుంది. నీరు నిలిచేది అడుగున గనక, పైభాగం కొలిచి బాగుందనుకుంటే మోసపోతాం. అంకెలు పుస్తకంలో రాసి మూసేసినా ఫలితం లేదు. పలచబడ్డ గొట్టాన్ని వెంటనే మార్చాలి.

మీ పేటలోంచి గ్యాసు గొట్టం పోతూంటే, దారిపక్క హెచ్చరిక స్తంభంమీది ఫోను నెంబరు రాసి పెట్టుకోండి. బుస్సుమనే చప్పుడో గ్యాసు వాసనో వస్తే పొయ్యి వెలిగించకండి, స్విచ్చి వేయకండి. పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్ళి, అక్కణ్ణించి ఫోను చేయండి.